కళ్ళు మూసుకుని చేసిన నడుము పరీక్ష

నొప్పి ఎక్కడుందో కనిపెట్టడానికి నొప్పి పుట్టించి చూసే పరీక్ష ఒకటుంది. వినడానికే అన్యాయంగా ఉంటుంది. ఆ పరీక్ష గదిలో నేను పద్నాలుగేళ్ళు పనిచేశాను. రిటైరై ఇది మూడో ఏడు. మొన్న చర్చిలో ఆరాధన అయ్యాక, రేడియోగ్రఫీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన మా సంఘం అమ్మాయి ఒకతి నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీ సర్వీసులోంచి నాకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అంది. మెచ్చుకోళ్ళు వచ్చిన రోజులు చెప్పొచ్చు. వాటివల్ల ఇంకొకరికి ఒరిగేదేమీ ఉండదు. అందుకని నేను చేసిన ఒక తప్పు చెప్పాను. చెబుతూ చెబుతూ నవ్వాపుకోలేకపోయాను. "ఇది రాయండి ఆంటీ, మా బ్యాచ్ అంతా చదువుతాం" అంది. బ్యాచ్ అంతా చదువుతుందనే నమ్మకంతో రాస్తున్నాను.

మా డయాగ్నస్టిక్ సెంటర్ నారాయణగూడ ఫ్లైఓవర్ దాటాక ఒక సందులో ఉండేది. నాది చిక్కడపల్లి. పొద్దున నడిచే వెళ్ళేదాన్ని. గ్రంథాలయం గేటు ఇంకా తెరవకముందే అక్కడ మనుషులకు బదులు బ్యాగులు వరసలో నిలబడి ఉండేవి. వాటి సొంతదారులు, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఎదురుగా టీ తాగుతూ, ఎవడి బ్యాగు ముందుకు జరిగిందో ఓ కన్నేసి ఉంచేవాళ్ళు. ఆ పిల్లలందరి కోసం రోజూ ఒక చిన్న ప్రార్థన చేసుకుంటూ దాటేదాన్ని. నడుస్తూ ప్రార్థించడం, గిన్నెలు తోముతూ ప్రార్థించడం, క్యూలో నిలబడి ప్రార్థించడం మా అమ్మ నేర్పిన అలవాటు. ఈ కథలో దోషి ఆ అలవాటే.

ముందు పరీక్ష సంగతి చెప్పాలి. నడుము కింది భాగంలో ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తని దిండులాంటిది ఒకటుంటుంది. అదే డిస్కు. నలభై దాటిన వాళ్ళను ఎవరిని ఎం.ఆర్.ఐ. మిషన్‌లో పడుకోబెట్టినా ఒకటో రెండో డిస్కులు నల్లబడో ఉబ్బో కనిపిస్తూనే ఉంటాయి. నా నడుములోనూ ఉన్నాయి, నాకు ఏ నొప్పీ లేదు. మరి బొమ్మలో మూడు డిస్కులు పాడైనట్టు కనిపిస్తే, మనిషిని ఏడిపిస్తున్నది ఆ మూడింటిలో ఏది? ఆ మాట బొమ్మ చెప్పదు, మనిషి చెప్పాలి. ఆపరేషన్ చేయాలా వద్దా, చేస్తే దేనికి చేయాలి అని సర్జన్ తేల్చుకోలేనప్పుడు మా దగ్గరకు పంపేవాళ్ళు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మాత్రం మత్తిచ్చి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ ఒక్కో డిస్కులోకి ఒక్కో సన్నని సూది దింపుతారు. తర్వాత దానిలోకి రంగు మందు కొద్దికొద్దిగా పంపుతారు. బాగున్న డిస్కు ఊరుకుంటుంది, పాడైనది అరిపిస్తుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. "ఇది మీ రోజువారీ నొప్పేనా, వేరే నొప్పా?"

మందు ఎప్పుడు, ఏ డిస్కులోకి వెళ్తోందో పేషెంటుకు తెలియకూడదు. తెలిస్తే భయంతోనే నొప్పి పుడుతుంది. అందుకు మా డాక్టర్‌గారు ఒక ఉపాయం పెట్టుకున్నారు. "ఇప్పుడు మందు పంపుతున్నా" అని పైకి ప్రతిసారీ అంటారు. నిజంగా పంపుతున్నప్పుడు మాత్రం ఎడమచేతి చూపుడువేలు పైకెత్తుతారు. వేలు ఎత్తకపోతే ఆ మాట ఉత్తుత్తిదే, సిరంజి కదలదు. ఉత్తుత్తి మాటకు కూడా పేషెంటు అరిస్తే, ఆ అరుపుల్ని నమ్మడానికి లేదన్నమాట. ఆ వేలు చూసేది నేనొక్కదాన్నే. పేషెంటు తల దగ్గర స్టూలు మీద కూర్చుని, చేయి పట్టుకుని, నొప్పి పదికి ఎంతో అడిగి రాసుకోవడం నా పని.

ఆ వేలు లేచినప్పుడల్లా, ఇప్పుడు ఈ మనిషికి నొప్పి రాబోతోంది కదా అని, నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకుని "ప్రభువా, ఓర్పునియ్యి" అనుకునేదాన్ని. పైకి మాట రానిచ్చేదాన్ని కాదు. పద్నాలుగేళ్ళలో ఒక్కరికీ తెలియలేదనే నా ధీమా.

డాక్టర్‌గారికి దేవుడి మీద నమ్మకం లేదు, నా మీద ఉండేది. నేను ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతానని తెలిసి నన్ను 'టీచరమ్మా' అని పిలిచేవారు. ఆయనవి గుంటూరు మాటలు. మా నర్సమ్మ తాతల కాలం నుంచి చిక్కడపల్లి మనిషి. ఆమె మాట కత్తిలా ఉండేది, చెయ్యి మాత్రం మెత్తన. ఆ గదిలో మేం ముగ్గురమే.

నేను రిటైరయ్యే ఏడాది ఒకరోజు ఒకావిడ వచ్చింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మెస్సు నడుపుతుంది. నలభై ఐదేళ్ళుంటాయి. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు అరవై మంది దాకా రెండు పూటలా ఆమె దగ్గరే తింటారు. మూడేళ్ళుగా నడుము నొప్పి. పొయ్యి మీంచి అన్నం దేగ్చా దించేటప్పుడు నడుములో మొదలై ఎడమ కాలి మడమ దాకా లాగుతుందట. వెంట భర్త వచ్చాడు. నెమ్మదైన మనిషి.

"మెస్సులో మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాను, ఫారం నింపుతూ.

"ఏం పని చెయ్యనో గది అడుగు అక్క. మా ఆయన కూరగాయలు కోస్తడు. మిగిలిందంత నేనే."

"బియ్యం గూడ నేనే ఏరుత" అన్నాడాయన వెనకనుంచి, మెల్లగా.

"ఏరుతవు. రాళ్ళు ఇడిశిపెట్టి ఏరుతవు."

పరీక్ష అంటే భయముందా అని అడిగితే నా ముఖంలోకి చూసి, "నీకే భయమున్నట్టుంది గదక్క" అంది. నేను నవ్వేశాను. "నగకు. నేను మొఖం జూసి చెప్పేస్త. పల్లెం పట్టుకొని నిలవడ్డ పోరల్ల ఎవడు పరీక్ష పోగొట్టుకున్నడో, ఎవనికి ఇంటికాడ పరేషాన్ ఉన్నదో, అడగకుంటనే ఎర్కయితది. అడిగి బాధపెట్ట. ఇంకో గంటె పప్పేస్త, గంతే."

ఆ మాట దగ్గరే నేను జాగ్రత్త పడాల్సింది.

అంతకు నెల ముందు మా గదికి కొత్త బల్ల వచ్చింది. పాత బల్లకు ముఖం పెట్టుకోవడానికి గుంట ఉండేది. పేషెంటు నేల గచ్చును తప్ప దేన్నీ చూడలేకపోయేవాడు. కొత్త బల్ల మీద చెంప ఆనించి పడుకోవాలి. చెంప ఆనించి పడుకుంటే, సరిగ్గా మూరెడు దూరంలో ఎదురుగా కనిపించేది నా ముఖం. పాత బల్ల పోయిందని సంతోషించామే గానీ, ఈ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆరోజు మూడు డిస్కుల్లోకి మూడు సూదులు దింపారు డాక్టర్‌గారు. "ఇప్పుడు మందు పంపుతున్నా" అన్నారు. వేలు లేవలేదు. నేను ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాను.

"ఎలా ఉందమ్మా?"

"ఏం లేదక్క."

మళ్ళీ "పంపుతున్నా" అన్నారు, ఈసారి వేలు లేచింది. నేను కళ్ళు మూశాను, మనసులో మాట అనుకున్నాను. తెరిచేలోపే ఆవిడ నా చేయి నలిపేస్తూ "అమ్మో! సచ్చిన్నే!" అని కేక పెట్టింది. పదికి ఎనిమిది. రోజూ వచ్చే నొప్పే అంది. రెండో డిస్కూ అంతే. ఉత్తుత్తి మాటకు ఉలుకూ పలుకూ లేదు, వేలు లేస్తే గది దద్దరిల్లేది. మూడో డిస్కుకైతే ఏకంగా పదికి పన్నెండు అంది.

డాక్టర్‌గారు తెగ సంబరపడ్డారు. "చూశారా టీచరమ్మా, ఎంత నిక్కచ్చి మనిషో! మూడుసార్లు మోసం చేద్దామని చూశాను, ఒక్కసారీ పడలేదు. ఇలాంటి పేషెంటు దొరకాలి." మళ్ళీ తెర వైపు చూసి, "పై రెండు డిస్కుల్లో మందు గుండ్రంగా పత్తికాయలా నిలబడింది, ఎక్కడా కారలేదు. బొమ్మ ఇంత బాగుంటే నొప్పి ఎందుకొచ్చిందో మరి" అని గొణిగారు. కానీ మా పరీక్షలో మనిషి మాటదే పైచేయి. మూడు డిస్కులూ దోషులేనని రిపోర్టు రాశారు.

మూడు డిస్కులంటే మాటలు కాదు. నడుము కింది ఎముకలన్నిటినీ స్క్రూలు, కడ్డీలు వేసి ఒకటిగా బిగించేస్తారు. ఆ తర్వాత నడుము వంగదు. ఏడాది దాకా బరువు మాట తలపెట్టకూడదు, ఆ పైన కూడా దేగ్చా దించడం కల్ల. వచ్చే మంగళవారానికి సర్జన్ ఆపరేషన్ ఖాయం చేశాడు.

రెండు రోజుల తర్వాత ఫిల్ములు తీసుకోవడానికి ఆవిడ వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, దాన్లో వేడి సర్వపిండి. "తిను అక్క. నీ చెయ్యి గంతగనం పిసికిన, నీలి మచ్చలొచ్చినయేమో అనుకున్న." నేనొక ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాను. మెస్సు సంగతి అడిగితే ముఖం తిప్పుకుంది.

"పోరలకు చెప్పేసిన. సోమవారం దాంక తినుండ్రి, మంగళవారం సంది ఏరే మెస్సు చూస్కోండ్రి అని. పదకొండేండ్ల మెస్సు అక్క. ఒక్కడు గూడ ఆ పూట రెండోసారి అన్నం అడగలే."

మాట మారుస్తూ, "పరీక్షలో చాలా ఓర్చుకున్నారమ్మా" అన్నాను.

"ఓర్చుకునుడా! నువ్వు కండ్లు మూస్తె చాలు, నా పానం పోయినంత పనయ్యేది. ఇగ వస్తది, ఇగ వస్తదని గజగజ. నువ్వు కండ్లు మూయకుంటె ఏం గాకపోయేది. మూసినవా, సచ్చిన్నే! మస్తు పసిగట్టిన గదా?" అని గొప్పగా నవ్వింది.

సర్వపిండి నా గొంతులో అడ్డం పడింది. దగ్గు, కళ్ళలో నీళ్ళు. ఆవిడ నా నెత్తి మీద తట్టి, నీళ్ళు తాగించి, ఫిల్ములు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ అరిచింది మందుకు కాదు, నా రెప్పలకు! వేలు లేచినప్పుడే నేను కళ్ళు మూశాను. కళ్ళు మూసినప్పుడే ఆవిడ భయపడింది. ఉత్తుత్తి మాటలకు నా రెప్ప వాలలేదు, ఆవిడ ఉలకలేదు. నిజాయితీ తేల్చడానికి డాక్టర్‌గారు పన్నిన ఉపాయం నా ప్రార్థన పుణ్యమా అని తలకిందులైంది.

ఆ సాయంత్రం మా వీధిలో ఒకరింట్లో ప్రార్థన కూడిక. కీర్తన అయ్యాక పెద్దాయన, "అక్కయ్యా, మీరు ప్రార్థన చేయండి" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నాకు మూతపడవే! మూస్తే చాలు, "సచ్చిన్నే" అన్న కేక వినిపిస్తుంది. బతుకంతా కళ్ళు మూసుకుని ప్రార్థించిన దాన్ని, ఆరోజు గోడ మీది క్యాలెండర్ వైపు గుడ్లప్పగించి చూస్తూ రెండు మాటల్లో ముగించాను. "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఒళ్ళు బాగానే ఉందన్నాను.

ఇంటికి నడుస్తుంటే ఒక సంగతి గుచ్చుకుంది. మనుషులకు కనబడేలా ప్రార్థన చేయొద్దు, తలుపు వేసుకుని రహస్యంగా చేసుకోండి అని ఆదివారం పిల్లలకు చెప్పేది నేనే. నేను రహస్యంగానే చేస్తున్నాననుకున్నాను. తలుపు బార్లా తెరుచుకునుందని ఇప్పుడు తెలిసింది. అయినా ప్రార్థన తప్పు కాదు కదా, ఎందుకు చెప్పుకోవాలి అని ఒక మనసు. బొమ్మ చూసి డాక్టర్‌గారికి వచ్చిన అనుమానమే నిజమైతే, అక్కర్లేని కడ్డీలు ఒక మనిషి నడుములోకి వెళ్తాయి అని ఇంకో మనసు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం కూడా ఉంది, దాచడమెందుకు. కానీ సంఘంలో తప్పు ఒప్పుకోవడం గురించి అన్నేళ్ళు పాఠాలు చెప్పి, నా వంతు వచ్చేసరికి మాట మింగేస్తే ఆ పాఠాలకు అర్థమేముంది?

పొద్దున డాక్టర్‌గారు కోటు వేసుకునేలోపే చెప్పేశాను. అంతా విన్నారు. ముఖం ఎర్రబడింది. కుర్చీలో కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు.

"అంటే ఏంటండీ, అశోక్‌నగర్‌లో పేపర్ లీకైందని రోడ్డెక్కుతుంటారే పిల్లలు, అలా నా పరీక్ష పేపర్ లీకైందా?"

"అవునండి."

"లీక్ చేసింది మీరు?"

"అవునండి."

"మీ దేవుడితో కలిసి?"

"దేవుడికి ఇందులో సంబంధం లేదండి. రెప్పలు నావి."

పక్క గదిలోంచి నర్సమ్మ నవ్వు వినబడింది. డాక్టర్‌గారు మాత్రం నవ్వలేదు. "పద్నాలుగేళ్ళా?" అన్నారు గొంతు తగ్గించి. ఆ ప్రశ్నే నన్నూ రాత్రంతా కాల్చింది. అప్పుడు నర్సమ్మ తలుపులో నిలబడి, "పద్నాలుగేండ్లు ఏంది సార్? పాత బల్ల మీద మొఖం కిందికుండె గద. అక్క మొఖం ఎవడు జూసిండు? కొత్త బల్ల వచ్చినంక ముగ్గురే పండుకున్నరు" అంది. ఆమె ఆ మాట అన్న క్షణంలో నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. మిగిలిన ఇద్దరి ఫైళ్ళూ ముగ్గురం కూర్చుని తిరగేశాం. వాళ్ళలో ఒకాయన పరీక్ష మొదలుకాకముందే కళ్ళు గట్టిగా మూసుకుని చివర్న తెరిచాడు. రెండో ఆమె నేను కళ్ళు మూసినా రెండు డిస్కులకు "ఏం లేదు" అంది, మందు కారిన మూడోదానికే అరిచింది. ఆ ఇద్దరికీ బొమ్మకూ మాటకూ పొత్తు కుదిరింది. కుదరనిది మెస్సావిడకు ఒక్కర్తికే.

డాక్టర్‌గారు సర్జన్‌కు ఫోన్ చేసి ఆపరేషన్ ఆపించారు. ఉన్నదున్నట్టే చెప్పారు. 'మా టెక్నీషియన్' అనలేదు, 'మా పొరపాటు' అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన వేళాకోళాలన్నీ ఆరోజుతో చెల్లు వేసుకున్నాను.

పరీక్ష మళ్ళీ చేయాలంటే ఊరికే అయ్యే పని కాదు. సూది దింపిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ భయం కొంత ఉంటుంది. కొన్ని వారాలు ఆగాలి. అన్నిటికన్నా ముందు ఆవిడకు నిజం చెప్పి ఒప్పించాలి. "నేనే చెబుతానండి" అన్నాను.

పదిన్నరకు, టిఫిన్ హడావుడి అయి వంట మొదలవుతున్న వేళ మెస్సుకు వెళ్ళాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని పప్పులో తాలింపు వేస్తోంది. నిలబడే చెప్పేశాను. గరిటె ఆగిపోయింది.

"ఏందక్క? అంటె నేను ఉత్తగనే ఒర్రిన్నా? నాటకాలాడిన్నా?"

"లేదమ్మా. మీకు నొప్పి వచ్చింది నిజమే. డిస్కులోంచి వచ్చిందో భయంలోంచి వచ్చిందో తెలుసుకునే దారి నేను పాడు చేశాను. తప్పు నాది."

"మూడేండ్ల సంది పడుతున్న! నీకేమెరుక?" కళ్ళలో నీళ్ళు. తాలింపు మాడుతోంది. భర్త వచ్చి పొయ్యి ఆర్పాడు. ఆయన చల్లగా, "నువ్వే గద మొఖం జూసి చెప్పేస్త అంటవు. అక్క మొఖం జూసినవ్, చెప్పేసినవ్. గందుల నాటకమేమున్నది?" అన్నాడు.

ఆవిడ కాసేపు ఆయన్ను చూసింది. తర్వాత నన్ను చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అంటె, మూడు గాకపోవచ్చా?" అంది.

"కాకపోవచ్చు. అవునో కాదో మళ్ళీ చూస్తేనే తెలుస్తుంది. మూడే అని తేలినా తేలొచ్చు."

"చూడుండ్రి మరి. కని ఒక షరతు. నువ్వుండాలె. నువ్వు లేకుంటె నేను ఆ బల్ల ఎక్క."

డాక్టర్‌గారి షరతు దీనికి సరిగ్గా ఎదురు. "మీరు గది బయట ఉండాలి టీచరమ్మా. మీ ముఖం గాజుపలకలాంటిది." రెండు షరతులూ పట్టుకుని నాలుగు వారాలు తిరిగాను, అన్నాళ్ళూ మెస్సు నడుస్తూనే ఉంది. ముఖానికి మాస్కు వేద్దామన్నారు. కళ్ళే కదా లీకు! నల్లద్దాలు పెడదామంది నర్సమ్మ, పెట్టి చూసుకుని తనే పడీ పడీ నవ్వింది. చివరికి పరిష్కారం నాకు బైబిలు వాక్యంలోనే దొరికింది. ఎడతెగక ప్రార్థించమని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పిందే. నేను ఎడతెగుతూ ప్రార్థించడం వల్ల కదా వచ్చింది ఈ తంటా! వేలు లేచినప్పుడు ఓసారి, దిగాక ఆపేసి. మొదటి సూది దగ్గర్నుంచి చివరి సూది దాకా కళ్ళు మూసుకునే కూర్చుంటే, వేలు ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. నాకే తెలియనిది నా ముఖం ఎలా చెబుతుంది? వేలు చూసి రాసే పని నర్సమ్మ పేషెంటు కాళ్ళ వైపు నిలబడి చేస్తుంది.

డాక్టర్‌గారు ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. "శాస్త్రానికి ఇంతకన్నా ఏం కావాలండీ. కానివ్వండి, ఎంత ప్రార్థిస్తారో ప్రార్థించండి. ఈసారి ఆపితేనే తప్పు" అన్నారు.

అలా నా ఉద్యోగంలోకెల్లా ముఖ్యమైన రోజు నేనేమీ చూడలేదు. విన్నాను, అంతే. ఆవిడ చేయి నా చేతిలో ఉంది. గాజులు చల్లగా తగులుతున్నాయి. సూదులు దిగాయి. నాకు వచ్చిన కీర్తనలన్నీ మనసులో వరసగా మొదలుపెట్టాను.

"ఇప్పుడు మందు పంపుతున్నా."

చేయి కదల్లేదు. "ఏం లేదు సార్."

ఉత్తుత్తిదా, నిజమా? నాకేం తెలుసు. ఇంకో చరణం అందుకున్నాను.

"పంపుతున్నా."

"జర బరువుగున్నది సార్. నొప్పి గాదు."

"రోజూ వచ్చే నొప్పి లాంటిదా?"

"ఎహె, గది గిట్లుండది."

మళ్ళీ "పంపుతున్నా". మళ్ళీ "ఏం లేదు". ఇలా ఎన్నిసార్లో లెక్క తప్పింది. ఏదీ తగలకపోతే ఎలా అని కొత్త భయం పట్టుకుంది నాకు. ఏ డిస్కూ దోషి కాకపోతే ఆవిడ మూడేళ్ళ నొప్పికి మేమేం జవాబు చెప్పాలి? నా పాటలు అయిపోయాయి. మొదటి పాట మళ్ళీ మొదలుపెట్టాను.

"పంపుతున్నా."

గాజులు గలగలమన్నాయి. నా వేళ్ళు పటపటమన్నాయి. "ఆఁ! ఇదే! ఇదే సార్, ఇదే! నడుముల సంది మడమ దాంక గుంజుతున్నది! అన్నం దేగ్చ దించంగ వచ్చే నొప్పి ఇదే!"

"పదికి ఎంతమ్మా?"

"పది సార్, పది! దొరికిందక్క దొంగముండ!"

నొప్పితో ఏడుస్తోందో సంతోషంతో నవ్వుతోందో తెలియని గొంతు. డాక్టర్‌గారు "ఇంకోసారి పంపుతున్నా" అన్నారు. ఆవిడ ఊపిరి బిగబట్టింది. "ఏం లేదు సార్" అంది. మళ్ళీ అన్నారు. "ఏం లేదంటున్న గద!" అని కసిరింది. నర్సమ్మ కాగితం తిప్పిన చప్పుడు. ఆ తర్వాత డాక్టర్‌గారి గొంతు, తెర వైపు తిరిగి మాట్లాడుతున్నట్టుగా.

"ఒక్కటేనమ్మా. అట్టడుగుది. మందు వెనక్కి కారుతోంది, తెర మీద కూడా కనబడుతోంది. పై రెండూ బాగున్నాయి."

"ఒక్కటేనా సార్?"

"ఒక్కటే. దానికొక్కదానికే చిన్న ఆపరేషన్ సరిపోతుంది. నడుము వంగుతుంది. మూడు నెలలు మాత్రం బరువెత్తకూడదు. ఆ తర్వాత కూడా దేగ్చా ఇంకొకరితో దించుకోవాలి. వంట మీరే చేసుకోవచ్చు."

ఆవిడ, నడుములో మూడు సూదులు అలాగే ఉండగా, నా చేతిని ఊతం చేసుకుని తలెత్తి తలుపు వైపు అరిచింది.

"వోయ్! ఇంటున్నవా? ఒక్కటేనంట! మెస్సు బంద్ లేదని చెప్పు పోరలకు!"

"కదలొద్దమ్మా! కదలొద్దు!" డాక్టర్‌గారు గాభరాపడ్డారు.

బయట భర్త ఒక్కడే ఉన్నాడనుకున్నాం. పదిహేను మంది పిల్లలు వరండా నిండా కూర్చున్నారట, ఒళ్ళో గైడ్లు తెరుచుకుని. ఆ మాట వినగానే వాళ్ళు వేసిన ఈలలకు రిసెప్షన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఎవడో, "అమ్మా, మేం దించుతం దేగ్చ! రోజుకిద్దరం డ్యూటీ ఏసుకుంటం!" అని అరుస్తున్నాడు. ఇంకొకడు, "ఇయ్యాల పప్పుల ఉప్పు తక్కువైందమ్మా, అంకుల్ చేతుల పడితె అట్లనే ఉంటది!" అన్నాడు. భర్త ఏదో గొణిగాడు, వినబడలేదు.

"టీచరమ్మా, ఇక కళ్ళు తెరవండి. సూదులు తీయాలి, లైటు ఇటు తిప్పండి" అన్నారు డాక్టర్‌గారు.

తెరిచాను. మూరెడు దూరంలో ఆవిడ ముఖం. చెంప బల్లకు ఆనించి, కాటుకంతా చెదిరి, నా ముఖంలోకే చూస్తోంది.

"ఏడుస్తున్నవేందక్క?" అంది. "నొప్పి నాది గద."